పార్కులో నగ పోయిందా? ఏ డిటెక్టర్ పనికొస్తుంది, ఏది కొనక్కర్లేదు

ఉదయం నడక ముగించుకుని ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఒక చెవికి కమ్మ లేదు. లేదా పిల్లలతో లాన్‌లో బంతాట ఆడుతుంటే వేలి ఉంగరం జారిపోయింది. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే ఫోన్ తీసి మెటల్ డిటెక్టర్ల కోసం వెతుకుతారు. అక్కడ కనిపించే ప్రతి యంత్రం తన లోతు గురించే గొప్ప చెప్పుకుంటుంది. పార్కులో నగ పోగొట్టుకున్నవాళ్లకు ఆ లోతుతో పనే లేదు. నిన్నో మొన్నో పడిన నగ గడ్డి దుబ్బుల మధ్య ఉంటుంది, మహా అయితే పైమట్టిలో రెండు మూడు సెంటీమీటర్ల కింద. కావలసింది చిన్న వస్తువును, చెత్త మధ్య నుంచి, పైపైనే పట్టగల యంత్రం. లోతు కోసం చేసిన పెద్ద కాయిల్ (యంత్రం కింది కొసన ఉండి నేల మీద ఊపే చక్రం) ఎన్నో అంగుళాల కింద ఉన్న ఇత్తడి చెంబును చూపిస్తుంది కానీ, గడ్డిలో ఎదురుగా పడి ఉన్న సన్నటి దుద్దు మీదుగా చప్పుడు చేయకుండా వెళ్లిపోతుంది.

అందుకే యంత్రం ధర చూసే ముందు, మీది ఏ నగో, ఎలాంటి చోట పోయిందో తేల్చుకోండి.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఏ నగ? ఎంపికలో సగం దీనితోనే తేలిపోతుంది. మూసి ఉన్న ఉంగరానికీ, సన్నటి గొలుసుకీ డిటెక్టర్ దృష్టిలో పోలికే లేదు.

ఎంత స్థలం? "పార్కులో ఎక్కడో" అన్నదాన్ని "ఈ వేపచెట్టుకూ ఆ బెంచీకీ మధ్య" అన్నంతవరకు కుదించండి. ఆ రోజు ఫోన్‌లో తీసిన ఫొటోలు చూడండి. ఏ ఫొటో దాకా చెవికి కమ్మ ఉందో, ఏ ఫొటో నుంచి లేదో కనబడితే స్థలమూ సమయమూ రెండూ తెలుస్తాయి.

లెక్క కోసం ఒక అంచనా. 25 సెం.మీ. కాయిల్‌ను ఒకటిన్నర మీటరు వెడల్పున ఊపుతూ, ఒక్కో ఊపుకు 12 సెం.మీ. ముందుకు జరుగుతూ, ఊపుకు మూడు సెకన్లు తీసుకుంటే గంటకు సుమారు 216 చదరపు మీటర్లు అవుతుంది. మధ్యలో ఆగి తీసి చూసే సమయం కలిపితే అందులో సగమే. అంటే వంద చదరపు మీటర్లకు గంట. ఎకరం లాన్ అంటే నలభై గంటల పని. స్థలాన్ని కుదించకుండా ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా ఫలితం ఉండదు.

ఎలాంటి చెత్త? మన పార్కుల్లో శీతలపానీయాల సీసా మూతలు, డబ్బాల మూత కొక్కేలు, చాక్లెట్ రేకులు, బిర్యానీ చుట్టిన అల్యూమినియం ఫాయిల్, మాత్రల షీట్లు, తలపిన్నులు, షామియానా మేకులు పుష్కలం. వీటిలో అల్యూమినియం సరుకు బంగారంలాగే పలుకుతుంది.

ఎలాంటి నేల? తెలంగాణలోని ఎర్రనేలల్లో ఇనుప ఖనిజం ఎక్కువ. చవక యంత్రాలు అలాంటి నేల మీద ఊరికే కూస్తుంటాయి. విశాఖ తీరాన నల్ల ఇసుక కలిసిన చోట్ల ఇబ్బంది ఇంకా ఎక్కువ.

ఎవరి పార్కు? అనుమతి సంగతి కింద విడిగా ఉంది. యంత్రం కొన్నాక కాకుండా ముందే చదవండి.

## ఏ నగ ఎలా పలుకుతుంది

డిటెక్టర్ కాయిల్ నేలలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. ఆ క్షేత్రంలో లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్తు సుడులు తిరుగుతాయి. యంత్రం పసిగట్టేది ఆ సుడులనే. కాబట్టి విద్యుత్తు గుండ్రంగా తిరగడానికి ఎంత వీలుంటే నగ అంత గట్టిగా పలుకుతుంది. వస్తువు పలికిన తీరును బట్టి చాలా యంత్రాలు తెర మీద ఒక అంకె కూడా చూపిస్తాయి.

| నగ | పలికే తీరు | ఎందుకు |
|---|---|---|
| మూసి ఉన్న ఉంగరం | గట్టిగా, అంకె నిలకడగా | పూర్తి వలయం |
| పుస్తెలు | స్పష్టంగా | బిళ్లలాంటి ఆకారం |
| గాజు, కడియం | చాలా గట్టిగా | పెద్ద వలయం |
| బుట్టకమ్మలు | ఫరవాలేదు | రేకు ఉంది కానీ ముక్కలు ముక్కలుగా |
| దుద్దులు, శీలలు | దగ్గరగా వస్తేనే | లోహం తక్కువ |
| మెట్టెలు | ఉంగరం కన్నా బలహీనం | వలయం తెగి ఉంటుంది |
| పట్టీలు | ఒకచోట గట్టిగా, ఒకచోట నీరసంగా | రింగుల అల్లిక |
| సన్నటి గొలుసు | చాలా కష్టం | ఒక్కో రింగూ విడిగా పలుకుతుంది |
| ముక్కుపుడక | పిన్‌పాయింటర్‌తోనే (చేతిలో పట్టే చిన్న పరికరం, కింద వివరం ఉంది) | గింజంత లోహం |

గొలుసు దగ్గర ఎక్కువమంది మోసపోతారు. రెండు తులాల గొలుసు పోయింది కాబట్టి రెండు తులాల బంగారంలా మోగుతుందనుకుంటారు. రింగు నుంచి రింగుకు విద్యుత్తు సరిగ్గా ప్రవహించదు. యంత్రానికి కనిపించేది రెండు తులాల ముద్ద కాదు, వందలాది చిన్న రింగులు. వాటిలో కాస్త గట్టిగా పలికేది కొక్కెం, లేదా ఏదైనా లాకెట్టు. సన్నటి గొలుసు అంకె ఒక్కోసారి ఇనుము అంకెల పక్కకు పడిపోతుంది. ఇనుము వినపడకూడదని డిస్క్రిమినేషన్ (అక్కర్లేని లోహాల కూతను ఆపే సదుపాయం) పెట్టుకుని వెతికినవాళ్లు ఆ గొలుసు మీదుగానే నడిచి వెళ్లిపోతారు. గొలుసు కోసం వెతికేటప్పుడు, ఏ లోహాన్నీ వదలకుండా మోగే ఆల్ మెటల్ మోడ్ తప్ప ఇంకేదీ పెట్టకండి, ఎంత చెత్త మోగినా సరే.

మంగళసూత్రం విషయంలో కొంత ఊరట ఉంది. తాడు పసుపుతాడైనా, నల్లపూసల గొలుసైనా, రెండు పుస్తెలు బిళ్లల్లా ఉంటాయి కాబట్టి అవి పలుకుతాయి. వెతకాల్సింది గొలుసును కాదు, పుస్తెలను. యంత్రాన్ని వాటికి తగ్గట్టు సరిచేసుకోండి. తాడు తెగి పుస్తెలు చెరో చోట పడి ఉండవచ్చు. ఒకటి దొరికిందని వెతకడం ఆపకండి, దాని చుట్టూ రెండు మీటర్లు మళ్లీ జల్లెడ పట్టండి.

రాళ్లు, ముత్యాలు, పగడాలు, కెంపులు ఏ డిటెక్టర్‌కీ కనిపించవు. వాటిని పట్టి ఉంచిన లోహమే దిక్కు.

ఇంకొక సంగతి. తెర మీద అంకె చూసి బంగారమా, ఇత్తడా చెప్పడం కుదరదు. వన్ గ్రామ్ గోల్డ్ ఉంగరం తన లోపలి లోహంలా పలుకుతుంది. 916 బంగారంలో కలిపిన లోహం తక్కువ కాబట్టి, అదే సైజు 14 క్యారెట్ల ఉంగరం కన్నా పై అంకె చూపిస్తుంది. అమెరికాలో రాసిన డిటెక్టర్ పాఠాల్లో "బంగారం అంకెలు" అని కనిపించేవి ఎక్కువగా 10, 14 క్యారెట్ల నగలవి. వాటిని మన నగలకు అలాగే వాడితే తప్పు చోట తవ్వుతారు.

## జోడు నగతో పరీక్ష

కమ్మ పోతే రెండో కమ్మ ఇంట్లో ఉంటుంది. మెట్టె పోతే రెండో కాలి మెట్టె ఉంటుంది. మీకు అంతకు మించిన కొలబద్ద దొరకదు. ఉంగరమైతే అదే క్యారెట్‌లో, దాదాపు అదే బరువున్నది ఎవరిదగ్గరైనా అడిగి తీసుకోండి.

1. జోడు నగను పారదర్శకమైన చిన్న జిప్ కవర్‌లో పెట్టి, కవర్‌కు ఎర్ర దారం కట్టండి. పరీక్షలో అది కూడా పోకూడదు.
2. యంత్రాన్ని ముందుగా నేల మీద ఊపి చూసి, ఏమీ పలకని చోట కవర్ పెట్టండి.
3. కాయిల్‌ను నేలకు 3 సెం.మీ. ఎత్తులో పదిసార్లు ఊపి, కనిపించిన అంకెలన్నీ రాసుకోండి. తర్వాత 5 సెం.మీ. ఎత్తు, ఆ తర్వాత 10.
4. నగను నిలువుగా నిలబెట్టి మళ్లీ చూడండి. గడ్డిలో నిలువుగా ఇరుక్కున్న ఉంగరం పడుకుని ఉన్నదానికన్నా నీరసంగా పలుకుతుంది.
5. వచ్చిన అంకెల్లో కనిష్ఠానికి కింద నాలుగైదు, గరిష్ఠానికి పైన నాలుగైదు కలుపుకుని, ఆ పరిధిలో మోగిన ప్రతిదాన్నీ తీసి చూడండి.

5 సెం.మీ. ఎత్తు నుంచి జోడు నగ పలకకపోతే ఆ యంత్రం మీ పనికి రాదు. అంగడిలో కొంటుంటే జోడు నగ తీసుకెళ్లి అక్కడే ఈ పరీక్ష చేయమనండి. ఆన్‌లైన్‌లో అయితే వాపసు గడువులోపే చేయండి.

## ఉన్న దారులు, ఒక్కొక్కటిగా

### కళ్లు, టార్చి, వేళ్లు

మొదటి గంట దీనికే ఇవ్వండి. మిట్టమధ్యాహ్నం ఎండలో బంగారం గడ్డిలో కలిసిపోతుంది. సాయంత్రం చీకటి పడ్డాక టార్చిని నేలకు దాదాపు ఆనించి, గడ్డి మీద అడ్డంగా వెలుగు పరచండి. రాయి పొదిగిన కమ్మ ఆ వెలుగులో మెరుస్తుంది. ముక్కుపుడకకు, సన్నటి గొలుసుకు చాలాసార్లు డిటెక్టర్ కన్నా ఇదే మంచి దారి.

అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. తోటమాలిని కలిసి, మీరు వెతికేదాకా ఆ ముక్కలో గడ్డి కోసే యంత్రం నడపవద్దని బతిమాలండి. బ్లేడు తగిలితే గొలుసు ముక్కలవుతుంది, కమ్మ పది మీటర్ల అవతల పడుతుంది. ఊడ్చేవాళ్లు పోగేసిన ఆకుల కుప్పలు కూడా ఎత్తేసేలోపు చూడాలి.

### సెక్యూరిటీ వాళ్ల చేతి డిటెక్టర్

మాల్స్, ఫంక్షన్ హాళ్ల గుమ్మాల దగ్గర మనుషుల ఒంటి మీద ఆడించే తెడ్డులాంటి యంత్రం. దీని చూపు కొన్ని సెంటీమీటర్లే. పోయిన నగ ఉండేది కూడా ఆ కొన్ని సెంటీమీటర్లలోనే. అపార్ట్‌మెంట్ లేదా ఫంక్షన్ హాల్ సెక్యూరిటీ వాళ్లను అడిగితే ఒక పూటకు ఇవ్వవచ్చు. ఐదారు చదరపు మీటర్లలో ఉంగరమో గాజో పోతే ఇది చాలు. పెద్ద లాన్‌కు వంగి వంగి నడుము పోతుంది. అంకెలు ఉండవు కాబట్టి ప్రతి సీసా మూతకూ కూస్తుంది.

### పిన్‌పాయింటర్ ఒక్కటే

క్యారెట్ దుంపలా ఉండే చిన్న పరికరం, ఒక చేతిలో ఇమిడిపోతుంది. దాని కొస నుంచి రెండు మూడు సెంటీమీటర్లలోపు లోహం ఉంటే వణుకుతుంది, కూస్తుంది. గారెట్ ప్రో పాయింటర్ ఏటీ, మైన్‌ల్యాబ్ ప్రో ఫైండ్ 35 పేరున్నవి. మొదటిది ఒక 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది, నీళ్లలోనూ పనిచేస్తుంది.

చిన్న స్థలంలో కమ్మ, శీల, ముక్కుపుడక పోతే ఏ పెద్ద యంత్రం కన్నా ముందు ఇదే కొనమంటాను. పెద్ద డిటెక్టర్ ఉన్నవాళ్లకు కూడా ఇది తప్పదు. అసలు యంత్రం "ఈ జానెడు చోటులో ఏదో ఉంది" అంటుంది, ఏ గడ్డిపోచ కింద ఉందో చెప్పేది పిన్‌పాయింటరే. ఇది లేక, మోగిన చోటల్లా పలుగుతో తవ్వి నగనే చెడగొట్టుకున్నవాళ్లు ఉంటారు. 22 క్యారెట్ల బంగారం మెత్తన, ఇనుప కొస తగిలితే గీత పడుతుంది.

పట్టుకున్న చేతికి బంగారు గాజులు, ఉంగరాలు, వాచీ ఉండకూడదు. నేలలో ఉన్నదానికి కాకుండా మీ గాజులకే అది కూస్తుంది. మట్టి గాజులతో ఇబ్బంది లేదు. పెద్ద డిటెక్టర్ ఊపేటప్పుడు కాళ్ల పట్టీలు, మెట్టెలు కూడా ఇదే గోల చేస్తాయి, కాయిల్‌ను పాదాలకు దూరంగా ఊపాలి.

### పేరు లేని చవక డిటెక్టర్

ఆన్‌లైన్‌లో పసుపు, నలుపు రంగుల్లో దొరికే బొమ్మలాంటి యంత్రాలు. ఉంగరం, గాజు, పుస్తెల వరకు నిజంగానే పట్టగలవు. కొన్నింటికి ముల్లు మీటరు తప్ప అంకె ఉండదు, చెత్తను విడదీయడం కష్టం, ఎర్రనేల మీద సెన్సిటివిటీ (చిన్న సంకేతాన్ని కూడా పట్టే చురుకుదనం) తగ్గిస్తే తప్ప నోరు మూయవు. తగ్గిస్తే చిన్న నగలు వినపడవు. ఒక్కసారికే, ఒక్క ఉంగరానికే, చెత్త లేని లాన్‌లో అయితే సరే. జోడు నగ పరీక్ష నెగ్గితేనే ఉంచుకోండి.

### ఒకే ఫ్రీక్వెన్సీ డిటెక్టర్

పేరున్న కంపెనీల ప్రారంభ యంత్రాలు ఈ కోవలోవి. ఫ్రీక్వెన్సీ అంటే కాయిల్ పంపే క్షేత్రం సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క. గారెట్ ఏస్ 300 ఫ్రీక్వెన్సీ 8 కిలోహెర్ట్జ్, నోక్టా సింప్లెక్స్ ప్లస్‌ది 12. తక్కువ ఫ్రీక్వెన్సీ పెద్ద వెండి వస్తువులకు, ఎక్కువ ఫ్రీక్వెన్సీ చిన్న బంగారు వస్తువులకు అనుకూలం. నాణేల కోసం మొగ్గే యంత్రంతో చిన్న దుద్దు వెతికితే అందుకే చేతికి చిక్కదు.

ఏస్ 300లో తెర మీద 0 నుంచి 99 దాకా అంకె వస్తుంది, నొక్కితే కచ్చితమైన చోటు చూపే పిన్‌పాయింట్ బటన్ ఉంది, నాలుగు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. కొత్తవాళ్లు అరగంటలో నేర్చుకోగలరు. కానీ గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజానికి కూయకుండా చేసే సర్దుబాటు) ఫ్యాక్టరీలో పెట్టిందే, మనం మార్చలేం. కోస్తాలోని ఒండ్రునేల పార్కుల్లో హాయిగా పనిచేస్తుంది. ఎర్రమట్టి గుట్ట మీద వేసిన లాన్‌లో ఒక మెట్టు సెన్సిటివిటీ తగ్గించక తప్పదు. సింప్లెక్స్‌లో గ్రౌండ్ బ్యాలెన్స్ మన చేతిలో ఉంటుంది: బటన్ పట్టుకుని, లోహం లేని చోట కాయిల్‌ను నేల మీదికి దించుతూ ఎత్తుతూ ఉంటే కూత సద్దుమణుగుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రాల్లో అయితే ఎర్రనేలకు దీన్నే ఎంచుకుంటాను.

### ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడే డిటెక్టర్

మైన్‌ల్యాబ్ వాంక్విష్ 340, 440, 540, నోక్టా లెజెండ్, మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ ఈ జాతివి. చిన్న బంగారం, పెద్ద వెండి రెండింటినీ ఒకే ఊపులో చూస్తాయి. ఎర్రనేల, ఉప్పుతడి ఉన్న చోట్ల నిలకడగా ఉంటాయి. వాంక్విష్ 340లో జ్యువెలరీ అనే మోడ్ ఉంది, 10 × 7 అంగుళాల కాయిల్ వస్తుంది, అంకెలు మైనస్ 9 నుంచి 40 దాకా. పిన్‌పాయింట్ బటన్ మాత్రం 440 నుంచే మొదలు. 340 కొన్నవాళ్లు మోగిన చోట కాయిల్‌ను ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా ఊపి, రెండు గీతలు కలిసే చోటును గుర్తుపెట్టుకోవాలి.

యంత్రానికి ఖర్చు చేయాలనుకుంటే, పెద్ద మోడల్‌కు ఎగబాకే బదులు చిన్న మోడల్‌తోపాటు మంచి పిన్‌పాయింటర్ కొనండి. వీలైతే ఐదారు అంగుళాల చిన్న కాయిల్ కూడా. చిన్న కాయిల్ కింద ఒకేసారి రెండు మూడు చెత్త ముక్కలు ఉండవు కాబట్టి, మూత పక్కనే ఉన్న కమ్మ విడిగా పలుకుతుంది. నడవాల్సిన దూరం పెరుగుతుంది, గంటకు వెతికే స్థలం తగ్గుతుంది. నగ చిన్నదైతే ఆ బేరం మంచిదే.

### డబ్బు పెట్టకూడనివి

అయస్కాంతం బంగారాన్నీ వెండినీ పట్టదు. అది మేకులు ఏరేయడానికే. ఫోన్‌లోని మెటల్ డిటెక్టర్ యాప్ వాడేది దిక్సూచి సెన్సర్‌ను. అది ఇనుమును చూస్తుంది, బంగారం దానికి లేనట్టే. పల్స్ ఇండక్షన్ యంత్రాలు (క్షేత్రాన్ని విడివిడి తాపులుగా పంపేవి) తడి ఇసుకలో గొప్పవే కానీ ఇనుమును విడదీయడంలో చాలా వెనక. పార్కులో ప్రతి మేకూ తవ్విస్తాయి.

ఇక రెండు కడ్డీలు చేతిలో పట్టుకుంటే ఎన్నో మీటర్ల దూరంలోని బంగారాన్ని చూపిస్తుందని లక్షలు చెప్పి అమ్మేవి. గుప్తనిధుల ఆశ ఉన్నచోటల్లా ఇవి తిరుగుతుంటాయి. దూరం నుంచి బంగారాన్ని మాత్రమే చూపించే యంత్రం లేదు. పోయిన నగ బాధలో ఉన్నవాళ్లు దయచేసి వీటి జోలికి వెళ్లవద్దు.

### తెలిసినవాళ్లను పిలిపించడం

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇదే అన్నిటికన్నా తేలిక. ది రింగ్ ఫైండర్స్ అనే ఆన్‌లైన్ జాబితాలో ఊరి పేరుతో వెతికితే, పోయిన నగలు వెతికిపెట్టేవాళ్లు కనిపిస్తారు. చాలామంది దొరికాక మీకు తోచింది ఇవ్వమంటారు. దారి ఖర్చు, ఫీజు సంగతి ముందే మాట్లాడుకోండి. ఎక్కడ పోయిందో తెలిస్తే, కొత్త యంత్రంతో మీరు రెండు వారాంతాలు తంటాలు పడే బదులు వాళ్లు ఒక మధ్యాహ్నంలో ముగిస్తారు.

## ఎవరికి ఏది

| మీ పరిస్థితి | ఎంచుకోవాల్సింది |
|---|---|
| ఉంగరం, గది అంత స్థలం | అడిగి తెచ్చిన చేతి డిటెక్టర్ |
| కమ్మ, శీల, ముక్కుపుడక, చిన్న స్థలం | టార్చి, తర్వాత పిన్‌పాయింటర్ |
| పుస్తెలు లేదా ఉంగరం, పెద్ద లాన్ | ఒకే ఫ్రీక్వెన్సీ డిటెక్టర్ + పిన్‌పాయింటర్ |
| ఎర్రనేల, చెత్త ఎక్కువ | పలు ఫ్రీక్వెన్సీల డిటెక్టర్, చిన్న కాయిల్ |
| సన్నటి గొలుసు | కళ్లు, టార్చి ముందు. ఆల్ మెటల్ మోడ్ తర్వాత |
| విదేశంలో, ఒక్కసారి అవసరం | తెలిసినవాళ్లను పిలవడం |

కాలనీ సంక్షేమ సంఘాలు ఒక వాంక్విష్ లాంటి యంత్రం, ఒక పిన్‌పాయింటర్ కలిపి కొని ఆఫీసు గదిలో ఉంచితే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం. ఒక్కో కుటుంబానికి జీవితంలో ఒకసారో రెండుసార్లో అవసరమయ్యే వస్తువు ఇది.

## అనుమతి, చట్టం

మన దగ్గర డిటెక్టర్‌తో నేల మీద తిరిగేవాళ్లను చూస్తే గుప్తనిధుల ముఠా అనుకోవడం సహజం. పాత గుళ్ల దగ్గర అలా తవ్వినవాళ్లను పోలీసులు పట్టుకున్న వార్తలు తరచూ వస్తూనే ఉంటాయి. కాబట్టి మున్సిపల్ పార్కు అయితే ఉద్యానవన విభాగానికి, గేటెడ్ కాలనీ అయితే సంఘానికి ఒక కాగితం రాసి ఇవ్వండి: ఏ నగ, ఏ రోజు, ఏ చోట పోయింది, ఏ గంటల్లో వెతుకుతారు, గడ్డి చెడగొట్టరని. విలువైన నగ అయితే పోలీస్ స్టేషన్‌లో కూడా పోయినట్టు రాయించండి. వెతుకుతున్నంతసేపూ ఆ కాగితాల నకలు, నగ ఫొటో, బిల్లు ఫోన్‌లో ఉండాలి.

హైదరాబాద్ కేబీఆర్ పార్కు మామూలు పార్కు కాదు, 1998లో ప్రకటించిన జాతీయ ఉద్యానవనం, అటవీ శాఖ చేతిలో ఉంది. అక్కడ ఆ శాఖ అనుమతి లేకుండా యంత్రం బయటికి తీయకండి. గోల్కొండ, వరంగల్ కోట లాంటి రక్షిత కట్టడాల ఆవరణల్లో డిటెక్టర్ మాటే వద్దు. నగ పోతే అక్కడి సిబ్బందికి చెప్పి, వాళ్ల సమక్షంలో కళ్లతోనే వెతకండి.

వెతుకుతుండగా పాత నాణేలో, నేలలో దాచిన విలువైన వస్తువో బయటపడితే 1878 నాటి భారత ట్రెజర్ ట్రోవ్ చట్టం వర్తిస్తుంది. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. వేరొకరు ఈమధ్యే పోగొట్టుకున్న ఉంగరం దొరికితే, యజమానిని వెతికే ప్రయత్నం చేయకుండా ఉంచుకోవడం భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం. పార్కు కార్యాలయంలో లేదా స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

అమెరికాలో నేషనల్ పార్కుల్లోకి మెటల్ డిటెక్టర్ తీసుకెళ్లడమే నిషిద్ధం. నగర పార్కుల్లో ఒక్కో ఊరికీ ఒక్కో నియమం. న్యూయార్క్ నగర పార్కుల్లో పర్మిట్ తీసుకోవాలి.

## వెతికే తీరు, తప్పు జరిగే చోట్లు

జనం తక్కువ ఉండే పగటివేళ ఎంచుకోండి. కొబ్బరి తాళ్లు, చెక్క పుల్లలతో మీటరున్నర వెడల్పు బాటలు గీయండి. ఇనుప పెగ్గులు వాడితే అవే మోగుతాయి. ఫోన్‌ను దూరంగా పెట్టండి. దీపాల కోసం నేలలో వేసిన కరెంటు వైర్ల దగ్గర యంత్రం తిక్కగా కూస్తే సెన్సిటివిటీ రెండు మెట్లు తగ్గించండి.

కాయిల్ గడ్డికి ఆనీ ఆననట్టు, నేలకు సమాంతరంగా ఉండాలి. కొత్తవాళ్లు ఊపు చివర్లలో కాయిల్‌ను లోలకంలా పైకి లేపేస్తారు. బాట అంచుల్లో పడిన నగ అలా తప్పిపోతుంది. ప్రతి ఊపూ ముందటి ఊపు మీద సగం పడాలి.

మోగగానే తవ్వకండి. అంకె ప్రతి దిక్కునుంచీ ఒకేలా వస్తే మంచి గుర్తు. సీసా మూత అంకె ఎగిరెగిరి పడుతుంది. ఫాయిల్ మాత్రం నిలకడగా, బంగారం అంకెలోనే వస్తుంది కాబట్టి తీసి చూడక తప్పదు. అల్యూమినియం అంకెలు వినపడకుండా కోసేసుకుంటే ఉంగరం కూడా వాటితోపాటే పోతుంది.

ముందు వేళ్లతో గడ్డి విడదీసి చూడండి. కనబడకపోతే పిన్‌పాయింటర్. అప్పటికీ మట్టిలోనే ఉందని తేలితే, ప్లాస్టిక్ లేదా చెక్క గరిటెతో మూడు వైపులా కోసి, నాలుగో వైపు గడ్డి వేర్లు తెగకుండా ఆ ముక్కను మూతలా తిప్పండి. మట్టిని పాత గుడ్డ మీద పోయండి, గడ్డి మీద కాదు. తీశాక మట్టి తిరిగి పోసి, మూత మూసి, కాలితో నొక్కి, అర లీటరు నీళ్లు పోయండి. గడ్డి చావదు, తోటమాలి రెండోసారి కూడా రానిస్తాడు. తీసిన చెత్తంతా సంచిలో వేసుకుని డబ్బాలో పారేయండి.

మొదటి విడతలో దొరక్కపోతే యంత్రం మార్చే ముందు బాటల దిశ మార్చండి. తూర్పు పడమరగా వెతికినదాన్ని ఉత్తర దక్షిణంగా వెతికితే, నిలువుగా ఇరుక్కున్న ఉంగరం మరో కోణం నుంచి పలకవచ్చు. ఏ ముక్క అయిపోయిందో కాగితం మీద గీసి తేదీ వేయండి. తోటమాలికీ ఊడ్చేవాళ్లకూ నగ ఫొటో, మీ నంబరు ఇచ్చి, దొరికితే ఎంత ఇస్తారో అప్పుడే చెప్పండి. ఒక పెద్ద వాన పడ్డాక, గడ్డి కోసిన మర్నాడు, ఆ కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లండి. గడ్డి పొట్టిగా ఉన్నప్పుడు కాయిల్ నేలకు ఇంకో రెండు సెంటీమీటర్లు దగ్గరవుతుంది, దుద్దులాంటి నగకు ఆ రెండు సెంటీమీటర్లే కావాలి.